కీ మార్చినాకే నిద్రపో

అల్లుడూ,

"పాస్‌వర్డులున్న ఫైలు పొరపాటున గిట్‌హబ్‌లోకి పోయింది మామా, వెంటనే తీసేసి మళ్లీ కమిట్ కొట్టినా, ఏం కాదు గదా" అంటివి రాత్రి. అయితాది. ఫోన్‌లో చెప్తే ఈ చెవిన విని ఆ చెవిన వదుల్తావని రాస్తాండా.

గిట్‌హబ్ అంటే కోడ్‌ను నెట్‌లో పెట్టే చోటు, దాని కింద ఉండే గిట్, కోడ్‌లో ప్రతి మార్పునూ కమిట్ పేరుతో రాసిపెట్టుకునే పాత కరణాల లెక్కల పుస్తకం మాదిరి. కొట్టేసిన లెక్క కూడా గీత కింద కనిపిస్తానే ఉంటాది. అందరికీ కనిపించే పబ్లిక్ రిపోల్లో (కోడ్ ఫోల్డర్లలో) ఇట్లాంటి పాస్‌వర్డులు, కీలు (ప్రోగ్రాములు వాడే రహస్య కోడ్లు) ఏరుకునేదానికే బాట్లు రేయింబవళ్లు తిరుగుతాంటాయి. అందుకే ముందు ఆ ఫైల్లోని కీని రద్దు చేసి కొత్తది తీసుకో. తర్వాత లాగ్‌లు తిరగెయ్, ఎవరన్నా వాడినారేమో. హిస్టరీ కడుక్కోవడం ఆఖరి పని. ఎంత కడిగినా ఎవరి లాప్‌టాప్‌లోనో ఉన్న క్లోన్ (కాపీ) నీ చేతిలో ఉండదు గదా.

నేనేం తక్కువ తినలేదులే. బెంగళూరులో ఉన్నప్పుడు ఒక ఉగాదికి క్లౌడ్ కీ కోడ్‌లోనే వదిలేసి అనంతపురం బస్సెక్కితి. పెనుకొండ దాటకముందే మేనేజర్ ఫోను. ఎవరో ఆ కీతో బిట్‌కాయిన్ల మాదిరివి తవ్వేదానికి పెద్ద పెద్ద మెషిన్లు లేపినారు. ఇంటికొచ్చి ఓళిగల ముందర లాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంటి. మీ అత్త ఇప్పటికీ దెప్పుతాది.

అప్పట్నుంచి గిట్‌లీక్స్‌ను ప్రీ-కమిట్ హుక్‌గా, అంటే కమిట్ కొట్టేముందు తనంతట తానే వెతికేట్టు పెట్టుకున్నా, కీ లాంటిది కనపడితే కమిట్‌నే ఆపుతాది. గిట్‌ఇగ్నోర్‌లో (గిట్ వదిలేయాల్సిన ఫైళ్ల జాబితాలో) ఫైలు పేరు రాసినా గదా అంటావేమో, గిట్ అప్పటికే ట్రాక్ చేస్తాండే (లెక్కలో పెట్టుకున్న) ఫైలుకు అది పనిచేయదు. చానామంది ఈడే బోల్తా పడేది.

పాస్‌వర్డులకు బిట్‌వార్డెనో కీపాసో పాస్‌వర్డులు దాచే యాప్ ఏదో ఒకటి పెట్టుకో, నోట్‌ప్యాడ్ మాత్రం వద్దు. ఓటీపీ ఎస్ఎంఎస్‌లో కాకుండా యాప్‌లో రానీ. రికవరీ కోడ్లు కాగితం మీద రాసి బీరువాలో పెట్టు.

ఇంక ప్యాకేజీల సంగతి, అంటే వేరేవాళ్లు రాసిపెట్టిన కోడ్ తెచ్చుకుని వాడేది. పేరులో ఒక్క అక్షరం మార్చి దొంగ ప్యాకేజీలు పెడతారు, ఇన్‌స్టాల్ కొట్టేముందు స్పెల్లింగ్ చూడు. ఏ ప్యాకేజీ ఏ వెర్షనో రాసుండే లాక్ ఫైలును కమిట్ చెయ్. అసలు ప్యాకేజీలోనే విషం కలిపితే? 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే, ఫైళ్లను కుదించే లైబ్రరీలో అట్లాంటిదే దొరికింది. ఏళ్ల తరబడి నమ్మకంగా పనిచేసినోడే దొడ్డిదారి పెట్టినాడు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే పోస్ట్‌గ్రెస్ (డేటాబేస్) డెవలపర్‌కు ఎస్ఎస్‌హెచ్ లాగిన్ (దూరంగా ఉన్న మెషిన్‌లోకి పోయేది) అర సెకను ఆలస్యమవుతాందని అనుమానమొచ్చి, తవ్వితే బయటపడింది. అర సెకను! నువ్వు ఎర్రర్ వస్తే చదవకుండానే మళ్లీ రన్ కొడతావు.

కీ మార్చినాక ఫోన్ చెయ్, అర్ధరాత్రయినా ఎత్తుతా.

మీ మామ,
అనంతపురం