పాఠకుల ప్రశ్నలు: న్యూరోసైన్స్ పీహెచ్‌డీకి ముందు ఏడాది

ప్రశ్న: ఎం.ఎస్సీ. బయోటెక్నాలజీ అయింది. మెదడు మీద పీహెచ్‌డీ చేయాలని ఉంది. ఆన్‌లైన్ కోర్సుల సర్టిఫికెట్లు చాలానే ఉన్నాయి. రెండు చోట్ల రాతపరీక్ష దాటినా ఇంటర్వ్యూలో తీసుకోలేదు. ఇంకా ఏ కోర్సు చేస్తే మంచిది?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: ఇంకో కోర్సు వద్దు. రాతపరీక్ష దాటారంటే చదువుకు లోటు లేదు. ఇంటర్వ్యూలో చూసేది, ఒక ప్రయోగాన్ని మొదటి నుంచి చివరిదాకా నడిపారా అని. అందుకు ఏడాది, వీలైతే రెండేళ్లు ల్యాబ్‌లో ప్రాజెక్ట్ అసోసియేట్‌గా (ఒక పరిశోధన ప్రాజెక్టులో జీతానికి చేసే తాత్కాలిక ఉద్యోగం) పనిచేయండి. బెంగళూరులో ఐఐఎస్సీ, ఎన్‌సీబీఎస్, నిమ్‌హాన్స్, హర్యానాలోని మానేసర్‌లో ఎన్‌బీఆర్‌సీ వంటి పరిశోధన సంస్థలు ఈ పోస్టులకు తమ వెబ్‌సైట్లలో ప్రకటనలు ఇస్తాయి.

ప్రకటన కోసం ఆగకుండా శాస్త్రవేత్తకే మెయిల్ పెట్టొచ్చు. ఒకే మెయిల్‌ను యాభై మందికి పంపితే చూడగానే తెలిసిపోతుంది, జవాబు రాదు. వారి ఇటీవలి పేపర్ ఒకటి చదివి, అందులో మీకు తట్టిన సందేహాన్ని రెండు వాక్యాల్లో రాయండి. మార్కులకన్నా ముందు మీ చేతికి వచ్చిన పనులు చెప్పండి: పీసీఆర్ (డీఎన్‌ఏ నకళ్లు తీసే పద్ధతి), కణాల పెంపకం, మైక్రోస్కోపీ, ఏదైనా సరే.

ల్యాబ్‌లో నేర్చిన ప్రతి పద్ధతికీ కారణం తెలిసి ఉండాలి. ఎలుక మెదడును 300 మైక్రాన్ల (0.3 మిల్లీమీటర్ల) మందం ముక్కలుగా కోసి ద్రవంలో ఉంచామని చెబితే, అందులోకి 95 శాతం ఆక్సిజన్‌తో పాటు 5 శాతం కార్బన్ డయాక్సైడ్ ఎందుకు పంపారని అడుగుతారు. ద్రవంలోని బైకార్బొనేట్‌తో కలిసి పీహెచ్‌ను (ఆమ్ల, క్షార గుణాల కొలత) 7.4 దగ్గర నిలిపేది ఆ 5 శాతమే. అది లేకపోతే పీహెచ్ పెరిగి కణాలు దెబ్బతింటాయి.

ఎక్కువమంది తడబడేది లెక్క దగ్గర. మందు ఇచ్చిన ఎలుకలు 4, ఒక్కో ఎలుకలో 10 న్యూరాన్లు (నాడీకణాలు) కొలిచారనుకుందాం. నమూనాల సంఖ్య 40 అని చెబితే తప్పు. మందు ఇచ్చింది ఎలుకకు గనుక నమూనాల సంఖ్య 4. ఒకే ఎలుకలోని న్యూరాన్లు ఒకదానికొకటి పోలి ఉంటాయి, వాటిని విడివిడిగా లెక్కిస్తే లేని తేడా ఉన్నట్టు కనిపిస్తుంది. ఇది సొంతంగా వివరించగలిగితే ప్యానెల్‌కు మీ మీద నమ్మకం కుదురుతుంది.

ప్రశ్న: బీటెక్ ఈసీఈ చదివాను. జీవశాస్త్రం ఇంటర్‌లో కూడా లేదు. నాకు అవకాశం ఉందా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: ఉంది. ఐఐఎస్సీ న్యూరోసైన్స్ విభాగం ఇంజినీర్లనూ తీసుకుంటుంది. సిగ్నల్ ప్రాసెసింగ్ తెలిసినవాళ్లు మెదడులోని విద్యుత్ సంకేతాలను నమోదుచేసే ఈఈజీ ల్యాబుల్లో చాలా అవసరం. న్యూరాన్‌లో విద్యుత్ సంకేతం ఎలా పుడుతుందో చెప్పే 1952 నాటి హాజ్‌కిన్–హక్స్‌లీ సమీకరణాలను మీరే పైథాన్‌లో రాసి చూడండి. టైమ్ స్టెప్ (లెక్క ఒక్కో అడుగులో ముందుకు జరిగే సమయం) 0.01 మిల్లీసెకండ్లు పెట్టండి. అడుగడుగుగా లెక్కించే ఆయిలర్ పద్ధతిలో దాన్ని పెంచుకుంటూ పోతే ఒక దశలో లెక్క అదుపు తప్పుతుంది. తర్వాత సోడియం వాహకతను (కణపొర సోడియంను ఎంత సులువుగా లోపలికి వదులుతుందో చెప్పే విలువ) సగానికి తగ్గించి, న్యూరాన్ స్పందన ఎలా మారిందో, ఎందుకు మారిందో జీవశాస్త్రం మాటల్లో రాయండి. కోడ్ నడిచిందని అక్కడితో ఆగిపోవడమే ఇంజినీర్ల బలహీనత. జులైలో మూడు వారాలు ఆన్‌లైన్‌లో జరిగే న్యూరోమ్యాచ్ అకాడమీ (మెదడును గణితం, కోడింగ్‌తో అధ్యయనం చేయడం నేర్పే కోర్సు) మీలాంటివారికి బాగా పనికొస్తుంది.

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలోనే డిగ్రీ పూర్తిచేశాడు. పీహెచ్‌డీకి ముందు మాస్టర్స్ చేయాలా?
– ఒక తల్లి, న్యూజెర్సీ

జవాబు: అక్కర్లేదమ్మా. అక్కడ బ్యాచిలర్స్‌తోనే నేరుగా పీహెచ్‌డీకి తీసుకుంటారు. మాస్టర్స్‌కు డబ్బు కట్టేకన్నా జీతం తీసుకుంటూ ల్యాబ్‌లో పనిచేయడం మేలు. అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్ఐహెచ్ ఇచ్చే పోస్ట్‌బ్యాక్ (డిగ్రీ తర్వాతి) శిక్షణ అందుకోసమే, అయితే పౌరసత్వమో గ్రీన్ కార్డో ఉండాలి. చాలా పీహెచ్‌డీ దరఖాస్తులకు గడువు డిసెంబరు మొదట్లోనే ముగుస్తుంది. మూడు సిఫారసు లేఖలు కావాలి, వాటిలో ఒకటైనా పక్కనుండి పని చూసినవారు రాయాలి. వేసవిలో ల్యాబ్‌లో చేరితే డిసెంబరుకు ఆరు నెలలే అవుతుంది, రాయడానికి వారి దగ్గర ఏమీ ఉండదు. మొదటి ఏడాది పని మీదే దృష్టి పెట్టి, రెండో ఏడాది దరఖాస్తు చేయమనండి.