నానీ, ముందు బెల్టు చూసుకో

ఒరేయ్ నానీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నీకు జాయినింగ్ లెటర్ వచ్చిందని, వచ్చే నెల ఓడ ఎక్కుతావని చెబుతూ మధ్యలోనే ఏడ్చేసింది. నాకూ నిద్ర పట్టలేదు. మన ఇంట్లో నా తర్వాత సముద్రం మీదికి వెళ్తున్నది నువ్వే. గర్వంగా ఉంది, భయంగానూ ఉంది.

పాస్‌పోర్టు, సీడీసీ (ఓడ ఉద్యోగుల గుర్తింపు పుస్తకం), మందులు అమ్మే సర్దుతుంది. వాంతుల మాత్ర కడుపు తిప్పాక కాదు, ముందే వేసుకో.

ఇక అసలు సంగతి. ఓడ ఎక్కిన రోజే నీ లైఫ్‌బోట్ ఏదో కనుక్కుని, నీ సీటు బెల్టు పెట్టి, తీసి, మళ్లీ పెట్టి చూడు.

పైకప్పున్న లైఫ్‌బోట్ తిరగబడినా తనంతట తానే లేస్తుందని ట్రైనింగ్‌లో చెప్పే ఉంటారు. నిజమే. అడుగున ఇంజను బరువు, పైన గాలి నిండిన కప్పు. ఖాళీ చెంబును బోర్లించి నీళ్లలోకి నొక్కితే ఎలా తన్నుకొస్తుందో, మునిగిన కప్పూ అలాగే తన్నుకొస్తుంది. పైకి చేరిన ఇంజను బరువు కిందికి లాగుతుంది. తంజావూరు బొమ్మలా పడవ లేచి కూర్చుంటుంది. అయితే తలుపులన్నీ మూసి ఉండాలి, మనుషులంతా బెల్టులు పెట్టుకుని ఉండాలి. లేకపోతే తిరగబడగానే అందరూ కప్పులోకి పడిపోతారు. సీట్లలో ఉంటే పడవ లేవడానికి సాయపడే బరువే అప్పుడు దాన్ని బోర్లా పట్టి ఉంచుతుంది.

నేను సరంగుగా, అంటే డెక్ మీద పనిచేసేవాళ్లకు పెద్దగా, చేసిన రెండో ఓడ. ఇన్‌స్పెక్షన్ వస్తోందని బెల్టులన్నీ చుట్టచుట్టించి సుతిలితాడుతో సీట్ల కింద కట్టించాను. చూడటానికి ముచ్చటగా ఉంది, వచ్చినాయన మెచ్చుకున్నాడు కూడా. ఆ తర్వాత తాళ్లు విప్పించడం మర్చిపోయాను. నెల తర్వాత లంగరు వేసిన చోట డ్రిల్. పడవ లోపల ఒకటే ఉక్క, డీజిల్ వాసన. నా పక్కన మెస్‌బాయ్, మన కాకినాడ పిల్లాడే, నీ వయసువాడు. ముడి ఊడక నా వంక చూశాడు. "పది నిమిషాల పనే, గట్టిగా పట్టుకుని కూర్చో" అన్నాను. పడవను నీళ్లలోకి దించి, దాన్ని పట్టుకున్న హుక్కులు వదిలామో లేదో, కెరటం పక్కనుంచి కొట్టింది. పడవ తిరగబడలేదు, ఒరిగిందంతే. పిల్లాడు ఎదుటి వరస మీదికి ఎగిరి పడ్డాడు. జబ్బ ఎముక విరిగింది, నుదురు చీలింది. నా చొక్కాతో నెత్తురు అదిమి పట్టుకున్నాను. వాడు నన్ను ఒక్క మాట అనలేదు. "సరంగుగారూ, మా అమ్మకి చెప్పకండి" అన్నాడు. ఆ ముడి నేను కట్టించిందిరా. ఇప్పటికీ కలలో అది విప్పుతూనే ఉంటాను.

ఇంకొకటి. 1982 ఫిబ్రవరిలో కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ దగ్గర ఓషన్ రేంజర్ అనే ఆయిల్ రిగ్ తుఫానులో మునిగింది. వాళ్ల లైఫ్‌బోట్ ఒకటి, సాయానికి వచ్చిన ఓడ పక్కదాకా చేరింది. కొందరు బయటికొచ్చి ఒకే పక్కన నిలబడ్డారు. పడవ తిరగబడింది. రిగ్ మీద ఉన్న 84 మందిలో ఒక్కరూ మిగల్లేదు. ఎదురుగా ఓడ కనబడితే ఎవరికైనా లేవాలనిపిస్తుంది. నువ్వు లేవకు. పడవ నడిపేవాడు నిన్ను పిలిచేదాకా బెల్టు తియ్యకు.

గాలి ఆడట్లేదని ఎవరైనా తలుపు తెరిచి ఉంచితే మూయమని చెప్పు. సీనియర్లని మొహమాటపడతావు, నాకు తెలుసు. చిన్నప్పుడు మా ఇంటికొస్తే ఆకలేసినా అడిగేవాడివి కాదు, నీ మొహం చూసి అత్తయ్యే అన్నం కలిపి పెట్టేది. అక్కడ నీ మొహం చూసేవాళ్లుండరు. నోరు తెరిచి అడగాలి నాన్నా.

బెల్టు పెట్టి చూశాక నాకొక మెసేజ్ పెట్టు. అర్ధరాత్రి అయినా పర్వాలేదు, మెలకువగానే ఉంటాను.

మీ మావయ్య