ఇంటి నుంచి ఉద్యోగం, మధ్యలో విరామం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మాది విజయనగరం, తోటపాలెం. హైదరాబాద్‌లోని ఒక సంస్థకు ఇంటి నుంచే మెడికల్ కోడింగ్ చేస్తున్నాను, అంటే రోగుల రికార్డులు (చార్టులు) చదివి జబ్బులకూ చికిత్సలకూ నిర్ణీత కోడ్‌లు వేసే పని. ఉదయం తొమ్మిదింటికి కూర్చుంటే సాయంత్రం ఆరు దాటేవరకు లేవడం కుదరడం లేదు. రోజుకు ఇన్ని చార్టులు పూర్తి చేయాలని టార్గెట్ ఉంటుంది కాబట్టి, లేచిన ప్రతి ఐదు నిమిషాలూ పోగొట్టుకున్నట్టే అనిపిస్తుంది. అయితే భోజనం తర్వాత ఒకే చార్టును రెండేసిసార్లు చదవవలసి వస్తోంది, ఆడిట్‌లో, అంటే నేను చేసిన పనిని సంస్థవారు తనిఖీ చేసినప్పుడు, బయటపడే తప్పులు కూడా పెరిగాయి. ఎప్పుడైనా లేచినా, ఆ కాస్త సమయంలోనే అత్తగారు ఏదో ఒక పని చెబుతారు. ఆవిడ మనసు మంచిదే, "పొద్దుట్నుంచీ కూర్చునే ఉన్నావు కదమ్మా" అన్నదే ఆవిడ ఉద్దేశం. విరామాలు తీసుకుంటే నా టార్గెట్ ఎలా పూర్తవుతుంది?
ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: తప్పకుండా తీసుకోవాలమ్మా. ఎందుకు తీసుకోవాలో మీ ఉత్తరంలోనే ఉంది. లేవకుండా కూర్చుని మిగుల్చుకున్నాననుకుంటున్న నిమిషాలు, భోజనం తర్వాత ఒకే చార్టును రెండోసారి చదవడంలో ఖర్చయిపోతున్నాయి. ఆడిట్‌లో తిరిగి వచ్చినవాటిని సరిచేయడానికి పట్టే సమయం దానికి అదనం.

మీ పనిలో తప్పు ఎక్కడ దొర్లుతుందో కాస్త దగ్గరగా చూద్దాం. కుడి మోకాలి అరుగుదలకు ఎం17.11 అనే కోడ్, ఎడమ మోకాలికి ఎం17.12 అనే కోడ్ వేయాలన్నది మీకు కంఠతా వచ్చే ఉంటుంది. రెండింటికీ తేడా చివరి అంకె ఒక్కటే. ఉదయం పది గంటలకు డాక్టరు రాసిన నోట్‌లో 'ఎడమ' అన్న మాట మీ కంటికి దానంతటదే తగులుతుంది; మధ్యాహ్నం మూడు గంటలకు అదే మాట మీద నుంచి చూపు జారిపోతుంది. మీకు పని రాకపోవడం వల్లనో, అశ్రద్ధ వల్లనో ఇది జరగడం లేదు. ఒకే తీరు సమాచారాన్ని గంటల తరబడి చూస్తూ, అందులో ఎప్పుడో వచ్చే చిన్న తేడాను పట్టుకోవలసిన పని ఎవరు చేసినా వారి జాగరూకత ఇలాగే సన్నగిల్లుతుంది.

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటన్‌లో రాడార్ తెరల ముందు కూర్చున్న సిబ్బంది, కొంతసేపయ్యాక తెర మీద కనిపించిన గుర్తులను కూడా వదిలేయడం పెద్ద సమస్య అయింది. దీన్ని పరిశీలించిన నార్మన్ మాక్‌వర్త్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన పరిశోధనను 1948లో ప్రచురించారు. గడియారం ముల్లులాంటిది ఒక్కొక్క గంతు వేసుకుంటూ తిరుగుతుంది, ఎప్పుడో ఒకసారి మాత్రం రెట్టింపు దూరం గంతు వేస్తుంది, దాన్ని గమనించగానే మీట నొక్కాలి. ఇంతే ఆ పరీక్ష. రెండు గంటలపాటు సాగే ఆ పరీక్షలో మొదటి అరగంట గడిచేసరికే జనం ఆ గంతులను ఎక్కువగా వదిలేయడం మొదలుపెట్టారు. 2011లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయానికి చెందిన అరిగా, లెరాస్ అనే ఇద్దరు పరిశోధకులు సుమారు 50 నిమిషాల పనిని ఇచ్చి చూసినప్పుడు, మధ్యలో రెండుసార్లు క్షణకాలం వేరే దాని మీదికి దృష్టి మళ్లించినవారి ఏకాగ్రత చివరి వరకు నిలిచింది, ఆపకుండా చేసినవారిది తగ్గుతూ వచ్చింది. కాబట్టి మీరు లేచే ఆ నాలుగైదు నిమిషాలు పనికి చెందినవే తప్ప పనిలోంచి దొంగిలించినవి కావు.

ఎప్పుడు లేవాలన్నది తరువాతి మాట. అలసట తెలిసిన తర్వాత లేవడం ఆలస్యమే. అప్పటికే రెండు మూడు చార్టుల్లో పొరపాట్లు దొర్లి ఉంటాయి. 1980ల చివర్లో ఫ్రాన్సెస్కో సిరిల్లో అనే ఇటలీ విద్యార్థి టమాటా ఆకారంలో ఉన్న వంటింటి టైమరును పెట్టుకుని, 25 నిమిషాలు చదివి ఐదు నిమిషాలు ఆగే పద్ధతి మొదలుపెట్టాడు. నాలుగు విడతలయ్యాక పావుగంట నుంచి అరగంట వరకు పెద్ద విరామం ఉంటుంది. ఈ పద్ధతి చాలామందికి ఉపయోగపడింది గానీ, మీ పనికి దాన్ని ఉన్నదున్నట్టు తీసుకోమని నేను చెప్పను. చార్టు సగంలో ఉండగా గంట మోగిందని లేస్తే, తిరిగి వచ్చి మొదటి నుంచి చదవవలసి వస్తుంది. టైమరు మోగడాన్ని 'ఈ చార్టు ముగించి లేవాలి' అన్న సూచనగా మాత్రమే తీసుకోండి. అరగంట నుంచి ముప్పావుగంట మధ్యలో ఎక్కడ చార్టు ముగిస్తే అక్కడ లేవండి. పెద్ద ఆపరేషన్ రిపోర్టు మధ్యలో లేవక తప్పని పరిస్థితి వస్తే, ఎంతవరకు చూశారో, తరువాత ఏం చూడాలో ఒక్క ముక్క కాగితం మీద రాసి లేవండి. ఒక పనిని అర్ధంతరంగా వదిలి ఇంకో పనికి వెళ్లినప్పుడు మనసులో కొంత భాగం పాత పనినే పట్టుకుని ఉంటుందని సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో చూపించారు. ఎక్కడ ఆపామో రాసుకుంటే ఆ పట్టు సడలుతుందని తరువాత ఆమె చేసిన అధ్యయనంలో తేలింది.

ఇక అత్తగారి విషయం. కుర్చీలో కూర్చుని చేసే పని మన ఇళ్లలో ఇంకా పనిగా కనిపించడం లేదు, అందులోనూ కోడలు చేసినప్పుడు అసలే కనిపించదు. ఇది ఆవిడ ఒక్కరి తప్పు కాకపోయినా, దాని భారం మోస్తున్నది మీరే కాబట్టి ఈ మాట ఇంట్లో తెరిచి మాట్లాడుకోవలసిందే. అలాగని లేచినప్పుడు ఏ ఇంటిపనీ చేయకూడదని నేననను. డాబా మీద బట్టలు ఆరేసి రావడం, ఆరినవి మడత పెట్టడం, కుండీలకు నీళ్లు పోయడం మీకు మేలే చేస్తాయి: నడుము కదులుతుంది, చూపు దూరానికి వెళుతుంది, ఎక్కడ వదిలేసినా నష్టం లేదు. పొయ్యి మీద పాలు పెట్టడం, కుక్కరు కూతలు లెక్కపెట్టడం, పోపు వేయడం అలాంటివి కావు. అవి కనిపెట్టుకుని ఉండవలసిన పనులు. పాలు పొయ్యి మీద ఉంచి మీరు మళ్లీ కంప్యూటరు ముందుకు వస్తే, చెవి వంటింట్లోనూ కన్ను చార్టులోనూ ఉంటుంది. మీకు విరామమూ దొరకలేదు, పనీ సాగలేదు. ఉదయం కాఫీ తాగేటప్పుడే "అత్తయ్యా, పదకొండింటికి లేచినప్పుడు బట్టలు ఆరేస్తాను, నాలుగింటికి మడత పెడతాను, పొయ్యి దగ్గరి పని మాత్రం ఆరు తర్వాతే చేయగలను" అని ముందుగా చెప్పేయండి. పని చెప్పాక కాదనడం కంటే ముందే ఫలానా వేళకు ఫలానాది చేస్తానని చెప్పడం ఆవిడకూ గౌరవంగా ఉంటుంది. మీవారు ఇంట్లో ఉండే రోజుల్లో పాలు, కుక్కరు ఆయన చూసుకోవాలి. ఇందులో మొహమాటపడవలసింది ఏమీ లేదు.

అన్ని విరామాల్లోనూ ఇంటిపనే ఉండకూడదన్నది మరిచిపోకండి. ఒకటి రెండైనా అచ్చంగా మీవి కావాలి. వీధి గుమ్మంలో కాసేపు నిలబడండి, మంచినీళ్లు తాగండి, ఎవరితోనైనా రెండు మాటలు మాట్లాడండి. మధ్యాహ్న భోజనం మాత్రం కీబోర్డు పక్కన కంచం పెట్టుకుని ముగించవద్దు. కర్మాగారాల్లో పనిచేసేవారి చేత ఐదు గంటలకు మించి ఏకధాటిగా పని చేయించకూడదని, ఆలోగా కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే రాశారు. ఆ చట్టాన్ని మీ ఇంటి గది కోసం రాయలేదు గానీ, శరీరం ఎక్కడైనా ఒకటే.

టార్గెట్ గురించి ఒక మాట దాచకుండా చెప్పాలి. పది నిమిషాలకు మించని చిన్న విరామాల మీద జరిగిన 22 అధ్యయనాలను రుమేనియా పరిశోధకులు కలిపి పరిశీలించి 2022లో ఫలితాలు ప్రచురించారు. వాటివల్ల ఉత్సాహం పెరిగి అలసట తగ్గుతున్నట్టు కనిపించింది. పని ఫలితం మాత్రం అన్ని రకాల పనుల్లోనూ పెరిగినట్టు కనిపించలేదు, మెదడుకు బాగా శ్రమ కలిగించే పనుల తర్వాత అంతకంటే ఎక్కువ విశ్రాంతి అవసరం కావచ్చని వారు సూచించారు. అందువల్ల రేపటి నుంచే చార్టుల సంఖ్య పెరుగుతుందని ఆశించకండి. ముందు మధ్యాహ్నం తప్పులు తగ్గుతున్నాయో లేదో చూసుకోండి. భోజనం తర్వాత ఇరవై నిమిషాలు కళ్లు మూసుకుని పడుకునే వీలుంటే, మూడు గంటల వేళ పనికి అది నాలుగు చిన్న విరామాల కంటే ఎక్కువ సాయం చేస్తుందని నా అభిప్రాయం.

ప్రశ్న: శ్రీకాకుళంలో మా ఇంటి నుంచి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి పదకొండు వరకు షిఫ్టు. సాయంత్రం అమెరికా వాళ్లు లేచాక ఒకదాని వెంట ఒకటి కాల్స్ ఉంటాయి. మధ్యలో దొరికిన ఐదు నిమిషాలు ఫోన్‌లో రీల్స్ చూస్తాను, అయినా తల బరువుగానే ఉంటుంది. లేచి వెళదామంటే ఆఫీసు చాట్‌లో నా పేరు పక్కన పచ్చ చుక్క పసుపుగా మారి, నేను సీట్లో లేనని అందరికీ తెలుస్తుందని భయం.
ఒక పాఠకుడు, శ్రీకాకుళం

జవాబు: మీరు తీసుకుంటున్న ఆ ఐదు నిమిషాలలో కన్ను తెరను వదలడం లేదు, మెడ వంగే ఉంది, మనసు కొత్త కొత్త విషయాల వెంట పరుగెత్తుతూనే ఉంది. అమెరికాలోని రట్గర్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2019లో ప్రచురించిన ఒక ప్రయోగంలో విద్యార్థులకు అక్షరాలు కలిపి పదాలు కూర్చే చిక్కుముళ్లు ఇచ్చి, మధ్యలో కొందరికి ఫోన్ వాడే విరామం ఇచ్చారు. ఫోన్ చూసి వచ్చినవారు తరువాతి భాగానికి ఎక్కువ సమయం తీసుకున్నారు, తక్కువ చిక్కుముళ్లు విప్పారు. కాబట్టి ఫోన్‌ను బల్ల మీదే వదిలి లేవండి. తెర చూస్తున్నంతసేపూ రెప్పపాటు తగ్గి కళ్లు పొడిబారతాయి. అందుకే ప్రతి 20 నిమిషాలకూ 20 అడుగుల దూరంలో ఉన్నదాన్ని 20 సెకన్లపాటు చూడమని కంటి వైద్యులు చెబుతారు. దీనికి లేవవలసిన అవసరం కూడా లేదు, కిటికీ అవతలి కొబ్బరిచెట్టు చాలు.

కాల్స్ విషయంలో మీరు ఒక్కరే చేయగలిగింది కొంత, మీ టీమ్ అంతా కలిసి చేయవలసింది కొంత ఉంది. మైక్రోసాఫ్ట్ సంస్థ 2021లో 14 మందికి మెదడు తరంగాలను కొలిచే పరికరం పెట్టి, అరగంట చొప్పున నాలుగు సమావేశాలు జరిపింది. విరామం లేకుండా వరుసగా కూర్చున్నప్పుడు ఒత్తిడిని సూచించే తరంగాలు సమావేశం సమావేశానికీ పేరుకుంటూ పోయాయి. మధ్యలో పది నిమిషాలు ప్రశాంతంగా ఉన్నప్పుడు అలా పేరుకోలేదు. చూసింది పద్నాలుగు మందినే కాబట్టి దీన్ని చివరి మాటగా తీసుకోలేం గానీ, మీ టీమ్ లీడ్‌తో మాట మొదలుపెట్టడానికి సరిపోతుంది. అరగంట సమావేశాన్ని 25 నిమిషాలకు, గంట సమావేశాన్ని 50 నిమిషాలకు ముగించేలా క్యాలెండరులోనే పెట్టుకునే వీలు అవుట్‌లుక్ అనే ఈమెయిల్, క్యాలెండరు సాఫ్ట్‌వేర్‌లో ఉంది. ముందు మీరు పిలిచే కాల్స్‌ను అలా మార్చండి. పసుపు చుక్క గురించి భయపడుతూ కూర్చోవడం కంటే, "ఏడింటికి పావుగంట ఉండను, అత్యవసరమైతే ఫోన్ చేయండి" అని గ్రూపులో ఒక్క మాట పెట్టి లేవడం నయం. చెప్పి వెళ్లేవారిని ఎవరూ అనుమానించరు. ఆ పావుగంటలో డాబా మీద నడవండి, లేదా వీధి చివరి దాకా వెళ్లి టీ తాగి రండి. నాగావళి ఒడ్డు మీ ఇంటికి దగ్గరైతే, రెండు గంటలకు షిఫ్టు మొదలవుతుంది కాబట్టి, ఉదయం ఎండెక్కక ముందే అక్కడ నడిచి రావచ్చు.

మీలాంటివారు చాలామంది కరెంటు పోయినప్పుడో, నెట్ ఆగినప్పుడో దొరికే సమయాన్ని విశ్రాంతిగా లెక్కేసుకుంటారు. తుఫానులు వచ్చే మన జిల్లాలో అక్టోబరు, నవంబరు నెలల్లో ఇది మామూలే. ఇన్వర్టరు ఎంతసేపు వస్తుందో, కాల్‌లో నుంచి ఎప్పుడు పడిపోతామో అని చూస్తూ గడిపే ఆ అరగంట నిజానికి పనికంటే ఎక్కువగా అలసట తెస్తుంది. దాన్ని విరామాల్లో కలపకండి, మీరు ఎంచుకుని లేచిన సమయాన్నే లెక్కపెట్టుకోండి.

ప్రశ్న: నేను పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుణ్ణి. మాది రాజాం. మా అబ్బాయి ఇంటి నుంచి ఉద్యోగం చేస్తున్నాడు. గంటకోసారి గదిలోంచి బయటికి వచ్చి వరండాలో పచార్లు చేస్తుంటాడు. ఇలా అయితే ఉద్యోగం నిలుస్తుందా అని మా ఇంటావిడా, నేనూ కంగారుపడుతున్నాం.
ఒక పాఠకుడు, రాజాం

జవాబు: మాస్టారూ, కంగారుపడకండి, మీవాడు సరైన పనే చేస్తున్నాడు. బడిలో పీరియడ్ల మధ్య గంట ఎందుకు కొట్టేవారో, ఇంటర్వెల్ తర్వాత పిల్లలు ఎలా కూర్చునేవారో మీరు ఏళ్ల తరబడి చూసినవారే. అతను వరండాలో ఉన్నప్పుడు ఆఫీసు సంగతులు, పెళ్లి సంబంధాలు, బ్యాంకు పనులు ఎత్తకుండా ఉంటే చాలు. "ఖాళీగానే ఉన్నావు కదా" అని బజారుకు పంపకండి. నెల తిరిగేసరికి పని అప్పగిస్తున్నాడా, జీతం వస్తోందా అన్నదే మీరు చూడవలసింది. పచార్లు చేస్తూ కూడా మెడ పట్టుకుపోయిందని, చేతివేళ్లు తిమ్మిరెక్కుతున్నాయని, రోజూ తలనొప్పి వస్తోందని అతను అంటుంటే మాత్రం, కుర్చీ, బల్ల ఎత్తు సరిగా ఉన్నాయో లేదో చూడండి. తెర పైఅంచు కంటి ఎత్తుకు దగ్గరగా, మోచేతులు బల్ల ఎత్తులో ఉండాలి. అలా సరిచేసినా ఒకటి రెండు వారాల్లో తగ్గకపోతే వైద్యుడికి చూపించండి.