కార్నూస్టీ చివరి నాలుగు హోల్స్ గురించి మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి నీతో ఫోనులో మాట్లాడినప్పటి నుంచి నా మనసు అక్కడే తిరుగుతోంది. కార్నూస్టీ గోల్ఫ్ కోర్సులో 14 హోల్స్ వరకు చక్కగా ఆడుకుంటూ వచ్చి, చివరి నాలుగింటిలో 6, 6, 7, 8 స్ట్రోకులు, అంటే దెబ్బలు, చేశానన్నావు. మొత్తం 27. ఒడ్డుకు వచ్చాక ఓడ మునిగినట్టు అయిందన్నావు. ఆ తర్వాత గొంతు తగ్గించి, "ఈ ఆట నాకు రాదేమో మామయ్యా" అన్నావే, ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు. స్కాట్లాండ్‌లోని డండీలో ఉద్యోగం చేస్తూ 30 ఏళ్లు ఆ కోర్సులోనే ఆడినవాణ్ణి, నా మాట నమ్ము. నీ స్వింగ్‌లో లోపం లేదు. ఆ నాలుగింటినీ మిగతా పద్నాలుగింటిలాగే ఆడబోయావు. పొరపాటు అక్కడ జరిగింది.

వాటిని కావాలనే అంత కఠినంగా చేశారు. 1931లో ఇక్కడ మొదటిసారి ఓపెన్, అంటే బ్రిటన్‌లో ఏటా జరిగే పెద్ద గోల్ఫ్ పోటీ, జరిగినప్పుడు ముగింపు మరీ తేలికగా ఉందని అనుకున్నారు. 1937లో ఓపెన్ మళ్లీ వచ్చేలోపు చివరి హోల్స్‌ను మార్చి కట్టారు. ప్రపంచంలోని మేటి ఆటగాళ్లను ఆపడానికి కట్టిన గోడ అది. ఆసుపత్రి డ్యూటీలు ముగించుకుని వారానికొకసారి ఆడే మనం దాన్ని తలతో ఢీకొట్టకూడదు.

అందుకే నేను చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తున్నాను. పదిహేనో హోల్ టీ మీదకు, అంటే మొదటి దెబ్బ కొట్టే చోటికి, వెళ్లకముందే నాలుగు స్ట్రోకులు నీ చేత్తో నువ్వే వదిలేయి. కార్డు మీద పార్, అంటే మేటి ఆటగాడికి సరిపోవాల్సిన దెబ్బల లెక్క, 4, 3, 4, 4 అని ఉంటుంది. నువ్వు మనసులో 5, 4, 5, 5 అని రాసుకో. నీ హ్యాండీక్యాప్, అంటే నీ స్థాయిని బట్టి ఇచ్చే అదనపు స్ట్రోకుల లెక్క, ఎలాగూ 18కి పైనే కాబట్టి ఆ స్ట్రోకులు నీకు న్యాయంగా వచ్చేవే, ఎవరి దయా కాదు. నీవైన వాటిని ముందే ఖర్చు రాసుకుంటే చేతులు బిగుసుకోవు. మొన్న నువ్వు పార్ కోసం పాకులాడి పన్నెండు పోగొట్టుకున్నావు.

పదిహేను, అంటే లక్కీ స్లాప్, గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. ఎడమకు తిరిగే హోల్, కానీ నేల మాత్రం కుడికి వాలి ఉంటుంది. మధ్యలో పడిన బంతి కూడా దొర్లుకుంటూ కుడి రఫ్‌లోకి, అంటే పొడవాటి గడ్డిలోకి, పోతుంది. కాబట్టి నీకు సరైనదని తోచిన దానికంటే కొంచెం ఎడమకే చూసి కొట్టు.

పదహారు దగ్గర మాత్రం ఆగి ఆలోచించాలి. పార్ 3 అంటారు. 2018 ఓపెన్‌లో దాన్ని 248 గజాల నుంచి ఆడించారు. మనం ఆడేది ముందు టీల నుంచే అయినా, గాలి ఎదురైతే అది మనకు పార్ 4 కిందే లెక్క. గ్రీన్, అంటే జెండా ఉండే నున్నటి గడ్డి, పొడవుగా, సన్నగా ఉంటుంది. అంచులు రెండు వైపులా జారిపోతూ బంతిని తోసేస్తాయి. 1975లో టామ్ వాట్సన్ ఇక్కడ ఓపెన్ గెలిచాడు. నాలుగు రౌండ్లు, ఆపైన స్కోరు సమమైనందుకు ఆడిన ప్లేఆఫ్‌తో కలిపి అయిదు సార్లు పదహారు ఆడాడు. అయిదింటిలో ఒక్కసారి కూడా పార్ చేయలేకపోయాడు. అయినా కప్పు అతనిదే. ఆ సంగతి నాకు ఎన్నో చలికాలాల్లో ధైర్యం ఇచ్చింది.

మొదటి రెండేళ్లు నేను కూడా అక్కడ డ్రైవర్, అంటే అన్నిటికంటే దూరం కొట్టే క్లబ్, తీసి బలమంతా పెట్టి కొట్టేవాణ్ణి. అప్పట్లో నాతో ఆడే ఒక పెద్దాయన ఉండేవారు, రైల్వేలో పనిచేసి విశ్రాంతి తీసుకున్న మనిషి. ఆయన పదహారులో ఎప్పుడూ అయిదో నంబరు ఐరనే తీసేవారు. బంతి గ్రీన్‌కు చాలా ఇవతలే ఆగేది. అక్కడి నుంచి బంతిని పైకి లేపే వెడ్జ్ కాదు, నేల మీద దొర్లించే పుట్టర్ తీసేవారు. ఆ పుట్టర్ పట్టు దగ్గర తోలు అరిగి, ఆయన బొటనవేలి అచ్చు పడి ఉండేది. 30 గజాల అవతలి నుంచి, గట్టిగా తొక్కిన బాటలాంటి ఆ పొట్టి గడ్డి మీద, బంతి చిన్న చిన్న గంతులు వేస్తూ మిట్ట ఎక్కి, నెమ్మదించి, జెండాకు రెండు మూడు అడుగుల్లో ఆగేది. నేను బంకర్‌లో ఇసుక తవ్వుతూ ఉంటే ఆయన జేబులో చేతులు పెట్టుకుని ఓపికగా నిలబడేవారు. ఏడాది పొడవునా చూశాను, ఆయన నాలుగు దాటలేదు, కొన్నిసార్లు మూడు కూడా. నువ్వు ఈ శనివారం అదే చెయ్యి. పుట్టర్‌తో దూరం నుంచి దొర్లించడం మన దగ్గర మెత్తని గ్రీన్ల మీద నేర్చుకున్నవాళ్లకు చిన్నతనంగా అనిపిస్తుంది. సముద్రపు ఒడ్డు నేల మీద అదే అసలైన విద్య.

పదిహేడు పేరు ఐలండ్. బ్యారీ బర్న్ మెలికలు తిరిగి ఫెయిర్‌వేను, అంటే కత్తిరించిన గడ్డి దారిని, దీవిలా చుట్టేస్తుంది. బర్న్ అంటే వాళ్ల మాటలో వాగు. వెడల్పు పెద్దగా ఉండదు, మనసులోనే అది గోదావరి అంత అవుతుంది. డ్రైవర్ సంచిలోనే ఉంచు. దీవి మీద బంతి ఆగే క్లబ్ ఏదో అదే తీయి. ఇంకొక మాట, పదిహేడు, పద్దెనిమిది పక్కపక్కనే ఎదురు దిక్కుల్లో నడుస్తాయి. ఒకదానిలో వెనక నుంచి తోసిన గాలి రెండోదానిలో ముఖానికి కొడుతుంది. పదిహేడులో అందిన దూరాన్ని నమ్ముకుని పద్దెనిమిదిలో క్లబ్ ఎంచుకోకు. నువ్వు ఎనిమిది చేసింది అందువల్లే అయి ఉంటుంది.

ఇక పద్దెనిమిది. ఎడమ పొడవునా హద్దు, అది దాటితే మళ్లీ మొదటి చోటి నుంచే కొట్టాలి. కుడివైపు వాగు. చివరికి గ్రీన్ ముందు మళ్లీ అదే వాగు, రాతి గట్ల మధ్య. 1999 ఓపెన్‌లో ఫ్రాన్స్ ఆటగాడు వాన్ డి వెల్డ్ మూడు స్ట్రోకుల ఆధిక్యంతో ఆ టీ మీద నిలబడ్డాడు. ఆరు చేసినా ఓపెన్ అతనిదే. డ్రైవర్ తీశాడు. రెండో దెబ్బకు బంతి ప్రేక్షకుల స్టాండుకు తగిలి, వాగు రాతిగోడ మీద పడి, వెనక్కి ఎగిరి పొడవాటి గడ్డిలో పడింది. మూడోది వాగులోకి వెళ్లింది. బూట్లు, మేజోళ్లు విప్పి, ప్యాంటు పైకి మడిచి అతను నీళ్లలోకి దిగిన దృశ్యం అందరికీ గుర్తే. చివరికి ఏడు చేసి, ప్లేఆఫ్‌లో పాల్ లారీకి కప్పు వదులుకున్నాడు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్న మన పెద్దల మాట నాకు ఆ వాగు గట్టున ఎన్నిసార్లు గుర్తొచ్చిందో.

నీ రెండో దెబ్బ గ్రీన్ కోసం కాదు. వాగుకు ఇవతల, నీకు బాగా అలవాటైన వెడ్జ్ దూరంలో బంతిని ఆపడం కోసం. గట్టు మరీ దగ్గరకు తోయకు, ఆ కొద్ది దూరం కొట్టడం కష్టం. మూడో దెబ్బకు దాటించు, రెండు పుట్‌లు, అయిదు.

ఒకవేళ వాగులో పడితే, నీళ్లలోంచి కొట్టాలని చూడకు. ఒక స్ట్రోకు శిక్ష తీసుకుని, వెనక్కి వెళ్లి బంతి వదులు. 2007 ఓపెన్‌లో ఐర్లాండ్ ఆటగాడు హారింగ్టన్ ఇదే హోల్‌లో రెండు సార్లు వాగులో వేశాడు. తొందరపడకుండా అయిదో దెబ్బ గ్రీన్ మీదకు వేసి, ఒక్క పుట్‌తో ఆరుకు ఆపాడు. ఆ తర్వాత ప్లేఆఫ్‌లో గెలిచాడు. ఆ రోజు అతన్ని నిలబెట్టింది ఆ ఒక్క పుట్టే.

శుక్రవారం రాత్రి ఒక చిన్న కాగితం మీద నాలుగు హోల్స్‌కూ ఏ క్లబ్ తీయాలో రాసుకుని చొక్కా జేబులో పెట్టుకో. గాలి లేకపోతే ఒకటి, ఎదురైతే ఒకటి. పద్నాలుగో గ్రీన్ దాటాక తీసి చూడు. అప్పుడు తట్టే కొత్త ఆలోచనలు దేనినీ వినకు.

నా మోకాళ్లు ఇప్పుడు 18 హోల్స్ నడవనివ్వవు. శనివారం నువ్వు వచ్చే వేళకు పద్దెనిమిదో గ్రీన్ వెనక ఉంటాను. అత్తయ్య పులిహోర కలిపి ఇస్తానంది, ఫ్లాస్కులో టీ నేను తెస్తాను. అక్కడి నుంచి చూస్తే వాగుకు అవతలి గడ్డి స్పష్టంగా కనిపిస్తుంది. నీ రెండో బంతి అక్కడ ఆగడం చూడాలని ఉంది.

ప్రేమతో,
మామయ్య