రెండోసారి పంపకు

చిట్టీ,

బ్యాంకులో విదేశీ చెల్లింపుల విభాగంలో చేరుతున్నావని నిన్న మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. మా ఇంట్లో ఆ పని చేసే రెండోదానివి నువ్వు. గర్వంగానే ఉంది కానీ రాత్రి నిద్ర పట్టలేదు. ఇరవై ఎనిమిదేళ్లు ఆ సీట్లో కూర్చున్నదాన్ని మరి.

ముందు ఒక భ్రమ వదిలించుకో. డబ్బు దేశం దాటి ఎక్కడికీ వెళ్లదు. బ్యాంకులు ఒకదానికొకటి కబుర్లు పంపుకునే వ్యవస్థ స్విఫ్ట్. అది మోసేది కబురు మాత్రమే. 1973లో బెల్జియంలో దాన్ని పెట్టింది టెలెక్స్ బాధ, అంటే తీగల మీద టైపు కొట్టి కబుర్లు పంపే బాధ తప్పించడానికే. మీ బ్యాంకుకు అవతలి దేశపు బ్యాంకులో ఒక ఖాతా ఉంటుంది. మనకది నోస్ట్రో, వాళ్ల లెక్కలో వోస్ట్రో. కబురు అందాక అందులో తగ్గించి, అందాల్సినవాడి ఖాతాలో కలుపుతారు. రెండు బ్యాంకులకూ నేరుగా ఖాతాలు లేకపోతే మధ్యలో కరస్పాండెంట్ బ్యాంకులు వస్తాయి. డాలర్లయితే సాధారణంగా లెక్క తేలేది అమెరికాలో, అక్కడి చెల్లింపుల వ్యవస్థలైన ఫెడ్‌వైర్‌లోనో చిప్స్‌లోనో.

ఏ బ్యాంకో గుర్తుపట్టే బిక్ కోడ్ 8 అక్షరాలు, లేదంటే 11. చార్జీలు ఎవరు భరిస్తారో ముందే అడుగు. ఇలాంటివి అక్కడ ఎవరైనా నేర్పుతారు.

నేను చేరిన మూడో ఏడు. ఒక ఖాతాదారు యంత్రాల కోసం పెద్ద మొత్తం డాలర్లలో పంపమన్నాడు. పంపాను. రెండు రోజులైనా అవతల చేరలేదు. డబ్బు అందితే తప్ప సరుకు ఓడ ఎక్కించరట, ఆయన గంటకోసారి ఫోన్. మేనేజర్ సెలవులో ఉన్నారు. ఎక్కడాగిందని కబురు పెట్టాను, జవాబు లేదు. మూడో రోజు టెన్షన్ తట్టుకోలేక, మొదటిది దారిలో పోయిందని నాకు నేనే తీర్పు చెప్పుకుని మళ్లీ పంపేశాను.

అది పోలేదు. అందుకోవాల్సినవాడి పేరు ఆంక్షల జాబితాలోని ఇంకో పేరుకు దగ్గరగా ఉందని మధ్య బ్యాంకు ఆపి చూస్తోంది. నాలుగో రోజు వదిలేసింది. రెండూ చేరాయి! రద్దు చెయ్యమని కబురు పంపితే సరిపోతుందనుకున్నాను. ఖాతాలో పడిపోయాక అవతలివాడు ఒప్పుకోవాలట. అతనేమో పాత బాకీ ఉందని మెలిక పెట్టాడు. ఏడు వారాలు పట్టింది. రోజూ పొద్దున నోస్ట్రో స్టేట్‌మెంట్ తీసి, ఆ మొత్తం కనబడక మూసేసేదాన్ని. మీ నాన్న అప్పుడు కాలేజీ కుర్రాడు. "అక్కా, సరిగ్గా తినడం లేదేం?" అనేవాడు. వాడికి ఇప్పటికీ తెలియదు, నువ్వూ చెప్పకు.

ఇప్పుడు ప్రతి చెల్లింపుకూ యూఈటీఆర్ అని 36 అక్షరాల గుర్తింపు సంఖ్య ఉంటుంది కదా, ఎక్కడాగిందో చాలావరకు తెరమీదే కనబడుతుంది. మాకా భాగ్యం లేదు. అది కూడా చూడకుండా మళ్లీ పంపావో, నా దగ్గరికి రాకు. సరే, రా, కానీ ముందు తిట్లు, తర్వాతే మాటలు.

ఇంకొకటి, సెలవుల పట్టిక. మన సెలవులొక్కటే కాదు, దారిలో ఉన్న దేశాలవి కూడా. 2016 ఫిబ్రవరిలో దొంగలు బంగ్లాదేశ్ కేంద్ర బ్యాంకు పేరుతో, న్యూయార్క్‌లోని దాని ఖాతా నుంచి మనీలాకు డబ్బు పంపమని దొంగ ఆదేశాలు పంపింది గురువారం రాత్రి. శుక్రవారం ఢాకాలో సెలవు, శని ఆదివారాలు న్యూయార్క్‌లో, సోమవారం మనీలాలో. ఆపండన్న కబురు మనీలా చేరేసరికి చూసే దిక్కు లేదు. 8.1 కోట్ల డాలర్లు పోయాయి, తిరిగొచ్చింది కొంతే. సెలవు ముందు సాయంత్రం అర్జెంటు అంటూ ఎవరు వచ్చినా నాకు ఇప్పటికీ గుండె దడ. నువ్వు కూడా కాస్త దడపడు, తప్పులేదు.

చేరిన రోజు సాయంత్రం ఫోన్ చెయ్యి. సీటు కిటికీ పక్కనో కాదో చెప్పు.

మీ అత్త