ధనియాలు మొలవలేదు, టమాటా నారు పడిపోయింది… తప్పు పాపదేనా?

ప్రశ్న: మిద్దె మీద తొలిసారిగా మే మొదటి వారంలో కూరగాయలు వేశాం. పాత పెయింటు బకెట్లలో పక్కింటి పునాది తవ్విన నల్లమట్టి నింపాం. ధనియాలు ఇరవై రోజులైనా మొలవలేదు. టమాటా నారు వేలెడు ఎత్తు వచ్చాక ఒక్కొక్కటే వాలి చచ్చిపోయింది. బెండ నిలిచింది గానీ లేత ఆకుల కింద పచ్చటి చిన్న పురుగులు, జిగట, చీమలు. నాలుగేళ్ల మా పాప రోజుకు మూడుసార్లు మగ్గుతో నీళ్లు పోస్తుంది, గింజలు తవ్వి చూస్తుంది. దానివల్లే పోయాయా? ఏ మందు కొట్టాలి? ‘గింజలో మొక్క ఎక్కడ దాక్కుంటుంది’ అని కూడా అడుగుతోంది.
– ఒక గృహిణి, ఖమ్మం

జవాబు: అమ్మా, పాపను ఏమీ అనకండి. మే నెలలో ఖమ్మం మిద్దె మీద ధనియాలు వేయడం పాప ఆలోచన కాదు కదా!

కొత్తిమీర చలి పంట. ఎండలు 40 డిగ్రీలు దాటినప్పుడు ఆరుబయట వేస్తే మొలక రాదు, వచ్చినా నిలవదు. పైగా మనం ఒక ధనియం అనుకునేది నిజానికి రెండు గింజల జంట. నేల మీద పోసి చెప్పుతో మెల్లగా రుద్దితే రెండు బద్దలవుతుంది. రాత్రి నానబెట్టి వేస్తే ఎనిమిది నుంచి పన్నెండు రోజుల్లో మొలుస్తుంది. వంటింటి డబ్బాలో ఏడాదిగా ఉన్నవైతే ఆశ పెట్టుకోకండి. అక్టోబరు దాటాక మళ్లీ వేయండి.

టమాటాకు వచ్చింది నారుకుళ్ళు తెగులు. చచ్చిన మొక్కను పీకి చూస్తే మట్టిని ఆనుకున్న చోట కాడ నీరు పట్టి, దారంలా సన్నబడి ఉంటుంది. ఇది మట్టిలో ఉండే శిలీంధ్రం పని. నీరు నిలిచినా, గింజలు ఒత్తుగా పడినా విజృంభిస్తుంది. నల్లమట్టి నీటిని వదలదు, మీ బకెట్లకు అడుగున రంధ్రాలు ఉన్నాయో లేదో మీరు రాయలేదు. మగ్గు ఒక కారణమే కానీ, రంధ్రాలు ఉంటే మగ్గుడు నీళ్లు కిందికి పోయేవి. పొలం నారుమడి అయితే లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదళ్లు తడపమంటాను. రోజూ పాప చేతులు పెట్టే కుండీలో మాత్రం అనను. ఆ మట్టి పారబోసి కొత్తది కలుపుకోండి.

కొత్త మట్టికి రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు, ఒక పాలు కొబ్బరిపొట్టు, గుప్పెడు వేపపిండి చాలు. పచ్చి పేడ వద్దు. మొక్కకు వేడి చేస్తుంది, పిల్లల చేతులకూ మంచిది కాదు. పెయింటు అంటిన బకెట్లు ఆకుకూరలకు నాకు నచ్చవు. 12 అంగుళాల గ్రోబ్యాగులు (మొక్కలు పెంచే సంచులు) తెచ్చుకుని, స్లాబు కింద ఇంటి గోడలు వచ్చే చోట్ల పెట్టండి. తడిమట్టితో ఒక్కోటి ఇరవై కిలోలు దాటుతుంది, స్లాబు నడిమధ్య గుంపుగా చేర్చకండి. పిట్టగోడ దగ్గర మాత్రం పాప ఎక్కి నిలబడగలిగే ఏ సంచీ, ఏ స్టూలూ ఉండకూడదు.

ఇక నీళ్ల సంగతి. పాప చేతిలో మగ్గు లాక్కుంటే తోట మీద ఆసక్తి కూడా పోతుంది. బదులుగా వాటర్ బాటిల్ మూతకు మేకుతో నాలుగైదు చిల్లులు పెట్టి ఇవ్వండి. పోసే ముందు పాప తన వేలు మట్టిలో రెండో కణుపు దాకా గుచ్చి తీయాలి. వేలికి మట్టి అంటితే ఆ రోజు సెలవు, పొడిగా వస్తే నీళ్లు. పెద్దవాళ్ల వేలికన్నా ఆ చిట్టి వేలే నయం, లేత వేర్లు ఉండేది ఆ లోతులోనే. కుండీల కింద పెట్టిన పళ్లేల్లో నీరు వారానికి ఒకసారైనా పారబోయండి, లేకపోతే దోమలకు మీరే నారుమడి వేసినట్టు.

తవ్వి చూడటాన్ని ఆపలేరు, ఆపక్కర్లేదు కూడా. ఒక కుండీ ‘తవ్వే కుండీ’ అని పాపకే ఇచ్చేయండి. అందులో వంటింటి బొబ్బర్లు వేస్తే మూడు నాలుగు రోజుల్లో మొలకెత్తుతాయి, రోజుకొకటి తవ్వి చూసినా నష్టం లేదు. దుకాణంలో కొన్న బెండ, టమాటా ప్యాకెట్లలో గింజలు గులాబీ రంగులోనో నీలం రంగులోనో ఉంటే అది విత్తనశుద్ధి మందు. వాటిని మీరే నాటండి, పాప చేతికి ఇవ్వకండి.

బెండ మీద ఉన్నవి పేనుబంక పురుగులు. అవి రసం పీల్చి తీపి జిగట వదులుతాయి. చీమలు దానికోసం చేరి, పేనుబంకను తినే పురుగులను దగ్గరికి రానివ్వవు. మందు కొట్టే ముందు ఒక భూతద్దం తెచ్చి, పాపను పక్కన కూర్చోబెట్టుకుని ఆకు తిప్పి చూడండి. పేనుబంక మధ్య నల్లగా, నారింజ మచ్చలతో, చిట్టి మొసలిలా పాకుతున్నది కనిపిస్తే చంపకండి. అది అక్షింతల పురుగు పిల్ల. దాని తల్లి గుండ్రంగా, ఎర్రగా, మచ్చలతో అందంగా ఉంటుంది కాబట్టి ఎవరూ చంపరు. పిల్లను మాత్రం తెగులు పురుగు అనుకుని నలిపేస్తుంటారు. దాని తిండే పేనుబంక.

ఆకు కింద చేయి ఆనించి, పైపు నీళ్లు కాస్త జోరుగా కొట్టండి. రెండు రోజులకోసారి మూడుసార్లు కొడితే చాలావరకు రాలిపోతాయి. అప్పటికీ తగ్గకపోతే సాయంత్రం పూట లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బునీళ్లు కలిపి కొట్టండి. వేపనూనె చెట్టు నుంచి వచ్చిందే కదా అని అలమార కింది అరలో పెట్టకండి. చిన్నపిల్లల కడుపులోకి పోతే ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. తాళం వేసిన చోటే ఉంచండి. బెండ ఆకుల ఈనెలు పసుపుపచ్చగా వలలా మారితే మాత్రం అది శంఖు రోగం, తెల్లదోమ అనే రసం పీల్చే చిన్న పురుగు తెస్తుంది. దానికి మందు లేదు, మొక్క పీకేయడమే.

ఇప్పుడు వానలు మొదలయ్యాయి కాబట్టి తోటకూర, గోంగూర వేయండి. తోటకూర గింజ మరీ చిన్నది. దానికి పదింతల పొడి ఇసుక కలిపి పాప గుప్పెట్లో పోస్తే సమంగా చల్లుతుంది. పైన మట్టి వేలి మందం కూడా వద్దు, గింజ కప్పుకుంటే చాలు. జోరువానకు కొట్టుకుపోకుండా మొలిచేదాకా పల్చటి గుడ్డ కప్పండి. నాలుగైదు రోజుల్లో ఎర్రటి, పచ్చటి మొలకలు కనిపిస్తాయి, ఇరవై అయిదు రోజులకు పప్పులోకి కూర వస్తుంది. టమాటా ఇప్పుడు తొందరపడకండి.

మట్టిపని అయ్యాక సబ్బుతో చేతులు కడిగించండి. మట్టిలో ధనుర్వాతం క్రిములు ఉంటాయి కాబట్టి, దాన్ని కూడా ఆపే డీపీటీ టీకా బూస్టరు అయిదేళ్లకు వేయించడం మరచిపోకండి.

పాప ప్రశ్నకు జవాబు మీ వంటింట్లోనే ఉంది. రెండు వేరుశనగ గింజలు రాత్రి నానబెట్టి, పొద్దున్నే పొట్టు తీసి రెండు బద్దలుగా విప్పండి. కొనదగ్గర ఒక బద్దకు అతుక్కుని తెల్లటి ముక్క ఉంటుంది. భూతద్దంతో చూస్తే ఒకవైపు మొనదేరిన వేరు, రెండోవైపు ముడుచుకున్న బుల్లి ఆకులు కనిపిస్తాయి. పచ్చి గింజలే తీసుకోండి, వేయించినవి కాదు.