ఇద్దరూ ఒప్పుకుంటే విడాకులు ఆరు నెలల్లో వస్తాయా?

రావచ్చు. కానీ హిందూ వివాహ చట్టంలో పరస్పర అంగీకార విడాకులకున్న సెక్షన్ 13బి కింద పిటిషన్ వేసేనాటికే కనీసం ఏడాదిగా విడిగా ఉంటుండాలి. వేశాక 6 నెలలు ఆగి, 18 నెలలు దాటకముందే ఇద్దరూ కలిసి రెండో మోషన్ (విడాకులు ఇవ్వమని కోర్టును మళ్లీ కోరడం) వేయాలి. ఏడాదిన్నరగా విడిగా ఉంటూ, భరణం, పిల్లల కస్టడీ తేల్చేసుకుని, రాజీకి దారి లేదనుకుంటే ఆ 6 నెలలు మాఫీ చేయమని అడగండి. 2017లో అమర్‌దీప్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఆ వెసులుబాటు ఇచ్చింది, అయితే అది జడ్జి విచక్షణే.

ఎక్కువగా చిక్కుపడేది డబ్బు దగ్గర. డిక్రీ (కోర్టు విడాకుల ఉత్తర్వు) రాకముందు ఒకరు సమ్మతి వెనక్కి తీసుకుంటే మళ్లీ మొదటికొస్తుంది. అందుకే భరణం, బంగారం, సామాను ఎప్పుడు ఎలా ఇవ్వాలో ఒప్పందంలోనే రాయించండి. ఒకరు అసలు విడాకులకే ఒప్పుకోకపోతే సమన్లు, వాయిదాలు, మధ్యంతర భరణం, క్రాస్ ఎగ్జామినేషన్‌తో ఏళ్లు పడుతుంది.